డీకన్ గారి మాటల కింద వాయించిన పాట

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. పైన్‌ఫోర్డ్ ఊరివాళ్ళు థడ్డియస్ బోయ్‌కిన్ కళ్ళ జోలికి పోలేదు, చేతుల మీద పడ్డారు. కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడే రోజుల్లో ఆ చేతులు మామూలు మనుషుల చేతులకన్నా ఓ జానెడు పొడుగు. అతను పోయిన సాయంత్రానికి మూరెడు పొడుగయ్యాయి. అంత్యక్రియల ఉదయానికి, మంగలి షాపులో కూర్చున్నవాళ్ళు చెప్పేదాన్ని బట్టి, అతను నేల మీద నిలబడే బంతిని బుట్టలో వేసి, అది కింద పడకముందే మళ్ళీ తనే పట్టుకునేవాడు.

బెతెల్ గ్రోవ్ చర్చిలో ఆర్గన్ ముందు కూర్చుని వెర్నెల్ టిబ్స్ ఇదంతా వింటోంది. ఆర్గన్ కింద ఉండే పెడళ్ళు తొక్కడానికి ఆమెకి వేరే బూట్లున్నాయి, అడుగు పల్చగా ఉండేవి. వాటిని తొడుక్కోవడానికి వంగినప్పుడు ముందు వరసల్లో మాటలు బాగా వినపడతాయి. వంగినవాళ్ళకి చెవులుండవని జనం నమ్మకం.

"ఇంత పొడుగు శవపేటిక మన దగ్గర దొరకలేదట. రాలీ పట్నం నుంచి తెప్పించారట."

"దొరక్కేం? చివర్లో బాగా కుంగిపోయాడు కదా. మా బావంత ఉండేవాడు."

"నోర్ముయ్యవే! నిచ్చెన కుంగడమేంటి!"

ఊరంతా అతన్ని నిచ్చెన అనేది. అసలు పేరు చెబితే పోస్టుమాన్‌కి కూడా కాసేపు పట్టేది.

పెట్టె మీద తెల్ల పూలున్నాయి. పూల మధ్యలో కాలేజీవాళ్ళు పంపిన బాస్కెట్‌బాల్ ఉంది. అతను వాయించే ట్రాంబోన్ లేదు. అది వెర్నెల్ ఇంట్లో, సోఫా వెనక ఉంది. తెచ్చి పెడతానంటే నిచ్చెన అక్క లూబర్తా, "పూలు నలుగుతాయి" అంది. బంతి కింద పూలు ఏమాత్రం నలగలేదు, మంచి పూలు.

అరవై ఎనిమిదిలో ఆ ఊరి హాలోవెల్ కాలేజీ, గ్రీన్‌హిల్ కాలేజీతో ఫైనల్ ఆడింది. ఒక్క పాయింటు వెనకబడి ఉన్నారు, ఆట అయిపోవచ్చింది. నిచ్చెన సగం కోర్టు అవతల నుంచి బంతి విసిరాడు. పడింది. అంతే, పైన్‌ఫోర్డ్ చరిత్ర అక్కడ మొదలై అక్కడే ముగిసింది. ఆ తర్వాత మిల్లు మూతపడింది, నదికి వరద వచ్చింది, ఇద్దరు మేయర్లు జైలుకి వెళ్ళారు. ఎప్పుడని అడిగితే మాత్రం, "ఆ బంతి పడ్డ తర్వాత" అంటారు. అంతకన్నా వివరం ఎవరికీ గుర్తులేదు.

ఆ వేసవిలో ఉత్తరాది నుంచి ఓ పెద్ద జట్టు అతన్ని పరీక్షకి పిలిచింది. ఊరంతా బస్టాండుకి వెళ్ళి సాగనంపింది. నిచ్చెన కొత్త సూటు వేసుకుని, ఓ చేత్తో పెట్టె, ఇంకో చేత్తో ట్రాంబోన్ పట్టుకుని బస్సెక్కాడు. రెండో ఊళ్ళో బస్సు ఆగింది. స్టాండు పక్కన హాల్లో ఎవరో జాజ్ వాయిస్తున్నారు. నిచ్చెన దిగాడు. మళ్ళీ ఎక్కలేదు.

ట్రాంబోన్ అంటే ముందుకీ వెనక్కీ జరిపే గొట్టం ఉన్న బాకా. దాన్ని పూర్తిగా చాపి వాయించాలంటే చేయి బాగా సాగాలి. అంత పొడుగు చేతులు దేవుడు ఎందుకిచ్చాడో ఊరికి ఖచ్చితంగా తెలుసు. నిచ్చెనకి వేరే అభిప్రాయం ఉండేది. పదేళ్ళ తర్వాత జుట్టు నెరిసి ఊరికి తిరిగొచ్చినప్పుడు ఊరు పెద్దమనసుతో అతన్ని క్షమించింది. అంటే పలకరించింది, కాఫీ ఇప్పించింది, ఆ బంతి కథ మళ్ళీ చెప్పించుకుంది. వాయిస్తుంటే వినడానికి మాత్రం వెళ్ళలేదు.

వెళ్ళలేదంటే చెవులతో వెళ్ళలేదు. నది అవతల మేబెల్ చేపల హోటల్లో ప్రతి శనివారం నిచ్చెన వాయించేవాడు. వెర్నెల్ పియానో, పికెట్ అనే అతను డ్రమ్ములు. బెతెల్ గ్రోవ్ చర్చిలో సగం మంది అక్కడే చేపలు తినేవాళ్ళు. శనివారం సాయంత్రం వెర్నెల్ వేళ్ళు ఎక్కడుండేవో ఆదివారం ఉదయం అందరికీ తెలుసు. కానీ అడిగితే, చూడ్డానికి తామెందుకు వెళ్ళారో కూడా చెప్పాలి. అందుకని ఎవరూ అడగలేదు. పవిత్రమైన ఊరు.

*

ఆసుపత్రిలో నిచ్చెన ఆమెని ఒకటే కోరాడు.

"వెర్నెల్, నా పెట్టె మీద బంతి పెడతారు. ఆపడం నీ వల్ల కాదు, ఆపకు. ఆ పాట ఒక్కసారి వాయించు."

ఏ పాటో చెప్పక్కర్లేదు. 'బస్సు దిగాక' అని అతను కట్టిన పాట. మేబెల్ హోటల్లో చివరగా వాయించేవాళ్ళు, అప్పటికి జనం బిల్లు కోసం చేతులెత్తుతూ ఉండేవాళ్ళు.

"చర్చిలోనా? నీకు జ్వరం తగ్గలేదు."

"ఇంకెక్కడ? నా పాటకి రానివాళ్ళు నా చావుకి వస్తారు. అంతమంది మళ్ళీ దొరకరు."

"రెవరెండ్ నన్ను తంతాడు."

"తన్నించుకో. ఇంకోటి. వాయించి ఊరుకోకు, నాదని చెప్పు. లేకపోతే ఎవడి ముత్తాతో పాడేవాడంటారు. మనవాళ్ళ సంగతి నీకు తెలీదా?"

తెలుసు. అందుకే ఆమె మాట ఇచ్చింది. మాటివ్వడం తేలికే, మంచం మీదున్న మనిషికి ఎవరైనా ఇస్తారు.

మర్నాడు కాదు, అతను పోయిన మర్నాడు, ఆమె చర్చి పాస్టరు రెవరెండ్ అలొంజో క్రంప్ గదికి వెళ్ళింది. కుర్రవాడు, చర్చికి వచ్చి ఏడాదే అయింది. ఇస్త్రీ మడత చెదరని మనిషి. లూబర్తా అప్పటికే అక్కడ కూర్చుని ఉంది.

"సిస్టర్ వెర్నెల్, కాలేజీ అధ్యక్షులవారు వస్తున్నారు," అన్నాడు రెవరెండ్. "కొత్త ఆటల భవనానికి మన నిచ్చెన గారి పేరు పెడుతున్నారు. టీవీ వాళ్ళు కూడా రావచ్చు. ఇలాంటప్పుడు దేవుడి మందిరంలో చేపల హోటల్ పాటలు..."

"అవి చేపల హోటల్ పాటలని మీకెలా తెలుసు రెవరెండ్ గారూ?"

"అనుకుంటారు కదా."

"ఎవరు?"

రెవరెండ్ బైబిల్లో అవసరం లేని పేజీ ఒకటి తిప్పాడు. "కీర్తనలు వాయించండి చాలు. మీ కీర్తనలంటే అందరికీ ఇష్టం."

వెర్నెల్ లూబర్తా వైపు తిరిగింది. "అక్కా, వాడు నోరు తెరిచి అడిగాడు."

లూబర్తాకి ఎనభై దాటాయి. ఆమె కూడా పొడుగే, అయితే ఆమె ఎప్పుడూ ఏ బంతీ విసరలేదు కాబట్టి ఊరు పట్టించుకోలేదు. తల్లి పోయాక తమ్ముణ్ణి ఆమే పెంచింది.

"వద్దే," అంది. "ఆ గొట్టం వల్లే వాడు ఆ బస్సు దిగాడు. నేను కొన్న సూటు వేసుకుని ఎక్కి, రెండో ఊళ్ళో దిగాడు. ఎవరైనా రెండో ఊళ్ళో దిగుతారటే?"

"ఒక్కసారైనా విన్నావా, ఏం వాయించేవాడో?"

"వినడానికి ఏముంది? దిగాడుగా."

దానితో చర్చ ముగిసింది.

*

ఇక్కడ ఆ చర్చి పద్ధతి ఒకటి చెప్పాలి. అంత్యక్రియల్లో పోయినవాళ్ళ గురించి ఎవరైనా లేచి నాలుగు మాటలు చెప్పొచ్చు. కార్యక్రమ పత్రంలో 'దయచేసి రెండు నిమిషాలు' అని అచ్చు వేస్తారు. ఆ 'దయచేసి' చదివి దయ చూపినవాడు ఇంతవరకూ పుట్టలేదు. అందుకని ఎవరైనా మరీ సాగదీస్తే ఆర్గన్ వాయించే మనిషి మాటల కింద మెల్లగా ఏదో కీర్తన ఎత్తుకుంటుంది. అంటే, అయ్యా, ముగించండి అని. రెండో చరణానికి కాస్త పెద్దగా వాయిస్తుంది. అంటే, కూర్చోరా అని. మైకు లాక్కోవడం అమర్యాద, పాట వాయిస్తే ఎవరూ తప్పుపట్టలేరు. ముప్ఫై ఏళ్ళలో వెర్నెల్ ఇలా మేయర్లనీ, ప్రిన్సిపాళ్ళనీ, ఒకసారి పెళ్ళికొడుకునీ కూడా కూర్చోబెట్టింది.

ఆ రోజు ఆమెకి పని బాగా తగిలింది.

మొదట కాలేజీ అధ్యక్షులవారు లేచారు. అరవై ఎనిమిదిలో ఆయన ఇంకా ఉగ్గుపాలు తాగుతున్నారు. అయినా ఆ బంతి తన కళ్ళ ముందే పడినట్టు చెప్పి, భవనం గురించి చెప్పి, ఇంకో కార్యక్రమం ఉందని వెళ్ళిపోయారు. తర్వాత అసలువాళ్ళు మొదలుపెట్టారు.

"ఆఖరి క్షణంలో నిచ్చెనకి బంతి అందించింది నేనే," అన్నాడు మొదటి పెద్దాయన.

"అవునయ్యా!" అన్నారు జనం.

"ఆ బంతి నా చేతుల్లోంచే వెళ్ళింది," అన్నాడు రెండో ఆయన. మొదటి ఆయన అప్పుడే కూర్చున్నాడు, వినపడనట్టు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

మూడో ఆయన నిచ్చెన ఎటు చూసి కన్ను కొట్టాడో, తను ఎలా అర్థం చేసుకుని అందించాడో నటించి చూపించాడు. ఆయన ఆ రోజుల్లో కాలేజీలో వంటమనిషి. ఐదుగురు ఆడే ఆటలో ఆ మధ్యాహ్నానికి తొమ్మిది మంది బంతి అందించారు. పదో ఆయన వినయవంతుడు, తను నీళ్ళు మాత్రమే అందించానన్నాడు. చప్పట్లు తక్కువ పడ్డాయి.

వెర్నెల్ ఒక్కొక్కళ్ళనే కీర్తన వాయించి కూర్చోబెడుతోంది. చేతులు ఆ పని చేస్తున్నాయి, మనసు గడియారం మీద ఉంది. శ్మశానానికి బళ్ళు బయల్దేరే వేళ దగ్గరపడుతోంది. ఈ మాటల తర్వాత ప్రార్థన, ప్రార్థన తర్వాత పెట్టె బయటికి. ట్రాంబోన్ అన్న మాట ఇంతవరకూ ఎవరి నోటా రాలేదు. వెనక బల్ల మీద పికెట్ ఒక్కడే కూర్చున్నాడు, ఒంటిమీద నలిగిన కోటు. ఆమె అటు చూస్తే అతను కనుబొమలు ఎగరేశాడు. ఏం చేస్తున్నావమ్మా అని. ఆమె మొహం తిప్పుకుంది.

చివరగా చర్చి పెద్దల్లో ఒకడైన డీకన్ హోసియా గ్రైమ్స్ లేచాడు.

హోసియా నిజంగానే ఆ జట్టులో ఉన్నాడు. ఎవరికైనా దెబ్బ తగిలితే దింపడానికి బల్ల మీద కూర్చోబెట్టే పదో ఆటగాడుగా ఉన్నాడు, ఆ బల్లని నిష్ఠగా కనిపెట్టుకుని ఉన్నాడు. ఇప్పుడు పొట్టా, బంగారు పన్నూ, డీకన్ పదవీ ఉన్నాయి. మేబెల్ హోటల్లో ఆయనకో బల్ల ఉండేది, వేదికకి దగ్గరగా. వేదికకి వీపు పెట్టి కూర్చునేవాడు, వంటింటి వైపు చూస్తూ, చేపలు ఎప్పుడొస్తాయా అని.

"మిత్రులారా," అన్నాడు. "అందరూ బంతి అందించామంటున్నారు. నేను అననండీ. నేను అందించింది ధైర్యం."

"చెప్పండి డీకన్!"

"'నిచ్చెనా, విసురు' అన్నాను. విసిరాడు."

అక్కణ్ణించి ఆయన ఆట మొదటి నుంచీ మళ్ళీ ఆడాడు. రెండు నిమిషాలు ఎప్పుడో పోయాయి. వెర్నెల్ అలవాటు ప్రకారం మెల్లగా ఓ కీర్తన ఎత్తుకుంది. హోసియా ఆమె వైపు ఓ చూపు చూసి, గొంతు పెంచాడు.

"కానీ ఈ రోజు మనం నిజం కూడా చెప్పుకోవాలి. ఆ మనిషి బస్సు దిగకుండా ఉంటే! దేవుడిచ్చిన చేతులు పట్టుకెళ్ళి ఓ ఇత్తడి గొట్టానికి తగలేశాడు. నలభై ఏళ్ళు వృథా! ఏం మిగిలింది, చెప్పండి? నాలుగు పిచ్చి కూతలు!"

ముందు వరసలో లూబర్తా తల దించుకుంది.

వెర్నెల్ కీర్తన ఆపింది. చేతులు మీటల మీదే ఉన్నాయి. ఒళ్ళు మండిపోతోంది. నీ వీపు విన్నదిరా ఆ కూతలు, ముప్ఫై ఏళ్ళు విన్నది, అనుకుంది. అప్పుడే ఆమెకి ఒక సంగతి తట్టింది. 'బస్సు దిగాక' కార్యక్రమంలో వాయించకూడదన్నారు. మాటల కింద వాయించేది కార్యక్రమం కాదు. అది ఏ పాటో ఇంతవరకూ ఎవరూ ఆమెని అడగలేదు.

పెడల్ మీద పల్చటి బూటు ఆన్చి, మొదటి స్వరం వేసింది.

హోటల్లో ఆ పాట కాస్త ఊగుతూ నడిచేది. ఇక్కడ ఆమె దాన్ని బాగా నిదానం చేసింది, పెద్దావిడలు మెట్లు దిగేంత నిదానం. మొదట్లో మూడు స్వరాలు కిందికి వస్తాయి, బస్సు మెట్లు దిగినట్టు. తర్వాత ఏమీ ఉండదు, ఒక్క ఊపిరి ఖాళీ. ఎటు పోవాలో తెలియని మనిషి స్టాండులో నిలబడ్డట్టు. ఆ తర్వాత పాట ఎటో చూసుకుని అటు నడుస్తుంది.

ఆ ఖాళీలో తెల్ల టోపీ పెద్దావిడ ఒకామె, "ఊఁ... అవును ప్రభూ," అంది.

హోసియా ఆ మాట విన్నాడు. అది తనకే అనుకున్నాడు.

"అవునా కాదా!" అన్నాడు రెట్టించి.

"అవును!" అన్నారు జనం. వాళ్ళు అన్నది పాటలో తర్వాత మెట్టుకి. హోసియా మొహం వెలిగిపోయింది. ముప్ఫై ఏళ్ళలో ఆయన ప్రసంగానికి ఎవరూ ఇలా పలకలేదు. వెర్నెల్ కాస్త పెద్దగా వాయించింది. పద్ధతి ప్రకారం ఆయన కూర్చోవాలి. ఆయన కూర్చోలేదు, కోటు గుండీ విప్పాడు.

"ఒంటరిగా దిగాడు!" అన్నాడు.

"దిగాడు!"

"ఎవరూ లేని ఊళ్ళో దిగాడు!"

"చెప్పు, చెప్పు!"

తిడుతున్నాననే అనుకుంటున్నాడు ఆయన. కానీ ఆర్గన్ ఎటు తీసుకుపోతే మాట అటు పోతోంది. పాట ఆగితే ఆయన ఆగుతున్నాడు, లేస్తే లేస్తున్నాడు. మధ్యలో రాగం మారే చోట ఆయన గొంతు కూడా జీర పోయింది. తనకి తెలియకుండానే డీకన్ హోసియా గ్రైమ్స్ ఆ రోజు నిచ్చెన బృందంలో చేరి, పాటగాడయ్యాడు. జీవితంలో మొదటిసారి బల్ల మీద నుంచి లేచి ఆడాడు.

వెనకనుంచి సన్నగా చప్పుడు వచ్చింది. పికెట్ చర్చిలో పంచే అట్ట విసనకర్ర ఒకటి తీసుకుని, కీర్తనల పుస్తకం అట్ట మీద రాస్తున్నాడు. ష్షూ, ష్షూ, టక్. విసనకర్ర మీద అచ్చువేసిన శవపేటికల కంపెనీ ఆయన నవ్వుతూ ఊగుతున్నాడు. రెవరెండ్ క్రంప్ తల తిప్పి చూశాడు. అప్పటికి చేతులెత్తేవాళ్ళు చేతులెత్తారు, ఏడ్చేవాళ్ళు ఏడుస్తున్నారు, వచ్చినవాళ్ళని కనిపెట్టుకునే తెల్ల చేతితొడుగుల అమ్మాయిలు రుమాళ్ళు పట్టుకుని వరసల మధ్య పరిగెత్తుతున్నారు. అలాంటప్పుడు ఆర్గన్ ఆపమన్న పాస్టరు ఇంకో ఊరు చూసుకోవాల్సిందే. రెవరెండ్ కుర్రవాడే గానీ తెలివితక్కువవాడు కాదు. కళ్ళు మూసుకుని, తనే పెట్టించినట్టు తలాడించాడు.

వెర్నెల్ పాట మొత్తం వాయించింది. చివర మూడు స్వరాలు మళ్ళీ వస్తాయి, ఈసారి పైకి. హోసియా చెమట తుడుచుకుంటూ కూర్చున్నాడు. పక్కాయన ఆయన వీపు తట్టాడు.

*

శ్మశానం నుంచి వచ్చాక చర్చి వెనక హాల్లో భోజనాలు పెట్టారు. వేయించిన కోడి, పంది ఎముకతో ఉడికించిన ఆకుకూర, చీజ్ మాకరోనీ, తీపి టీ, కేకులు. ఏడ్చినవాళ్ళకి ఆకలి ఎక్కువ వేస్తుంది. హాలు హోరెత్తిపోతోంది.

"డీకన్, ఇవాళ మాట్లాడావయ్యా!"

"ఆత్మ కదిలింది. నాదేం లేదు," అన్నాడు హోసియా, కోడి తొడ చేతిలో పట్టుకుని, తనదే ఉందన్నట్టు.

తెల్ల టోపీ పెద్దావిడ వెర్నెల్ పళ్ళెంలో మాకరోనీ వడ్డిస్తూ అడిగింది. "డీకన్ మాట్లాడుతుంటే వాయించావే, ఆ కీర్తన నెంబరెంత తల్లీ? మా అమ్మమ్మ పత్తి ఏరుతూ పాడేది."

"మా ఇంట్లో కూడా పాడేవాళ్ళు," అన్నాడు ఇంకొకాయన. "మా ముత్తాత పాట అది. మాటలు పోయాయి, రాగం మిగిలింది."

రెవరెండ్ క్రంప్ టీ గ్లాసుతో వచ్చి నిలబడ్డాడు. "చూశారా సిస్టర్ వెర్నెల్? నేను చెప్పలేదూ, కీర్తన ఉండగా ఇంకోటి ఎందుకని! పాతకాలం భక్తిలో ఉన్న బలం అది. వచ్చే ఆదివారం మళ్ళీ వాయించండి. ప్రతి నెలా వాయించినా మంచిదే."

వెర్నెల్ మాకరోనీని చెంచాతో అటూ ఇటూ జరిపింది. ఊరుకుంటే ఆ పాట ప్రతి నెలా ఈ చర్చిలో మోగుతుంది, ఎవడి ముత్తాతదిగానో. నోరు తెరిస్తే చేపల హోటల్ పాట అయిపోతుంది, మళ్ళీ వినపడదు. పాట బతకాలా, పేరు బతకాలా? నిచ్చెన రెండూ అడిగాడు. ఎప్పుడూ అంతే, ఆశపోతు. హాలుకి అటు చివర గోడకి ఆనుకుని పికెట్ కేకు తింటూ ఆమెనే చూస్తున్నాడు.

ఆమె పళ్ళెం కింద పెట్టింది. వందలమంది ముందు వాయించిన మనిషే, మాట్లాడటం మాత్రం అలవాటు లేదు. గొంతు సన్నగా వచ్చింది.

"నెంబరు లేదు. అది కీర్తన కాదు."

"మరేంటి?"

"నిచ్చెన పాట. వాడు కట్టాడు. మేబెల్ హోటల్లో ప్రతి శనివారం చివర్లో వాయించేవాళ్ళం. మీలో సగం మంది విన్నారు, బిల్లు కట్టేటప్పుడు."

పెద్దావిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది, అమ్మమ్మని పత్తిచేలోంచి ఎలా వెనక్కి పిలవాలో తెలియక. రెవరెండ్ టీ గుక్క మింగలేక, కక్కలేక ఉండిపోయాడు. ప్రతి నెలా అని ఇప్పుడే ఆయన నోటితోనే అన్నాడు, అందరూ విన్నారు.

"నలభై ఏళ్ళు వృథా అన్నారుగా డీకన్ గారూ," అంది వెర్నెల్. "దాని మీదే నిలబడి మాట్లాడారు మీరు."

హోసియా చేతిలో కోడి తొడ పళ్ళెంలోకి దిగింది.

కుర్చీ జరిగిన చప్పుడైంది. లూబర్తా లేచి, కర్ర ఊతంతో వచ్చి వెర్నెల్ ఎదురుగా నిలబడింది. ఆమెకి దారి ఇస్తూ రెవరెండ్ గోడకి అతుక్కున్నాడు.

"పేరేంటే దానికి?"

"'బస్సు దిగాక' అక్కా."

లూబర్తా కర్ర మీద రెండు చేతులూ ఆనించింది. పెదవులు కదిలాయి. మూడు మెట్లు లెక్కపెడుతోందని వెర్నెల్‌కి అర్థమైంది.

"మొదట్లోనే ఆగుతుందేం?"

"అక్కడ వాడు వెనక్కి తిరిగి బస్సు వైపు చూశాడట. నాతో అలాగే చెప్పాడు. అక్క కొన్న సూటుకి దుమ్ము అంటుతుందేమోనని కింద కూర్చోలేదట, నిలబడే ఉన్నాడట."

"దొంగ వెధవ," అంది లూబర్తా. "ఆ సూటు వాడికి పొట్టి. ఎంత వెతికినా ఆ చేతులకి సరిపోయేది దొరకలేదు. మణికట్లు బయటికే ఉండేవి." కళ్ళు తుడుచుకోలేదు, ముక్కు చీదింది. అందరి వైపూ ఓసారి చూసింది. "నాకు సరిగ్గా వినపడలేదు. మధ్యలో ఈ హోసియా గోల ఒకటి. మళ్ళీ వాయించు."

"ఇక్కడా? ఈ పియానో శ్రుతిలో లేదక్కా."

"వాడి బతుకు మాత్రం ఉందా? వాయించు."

హాలు మూలన పిల్లల పాటలకి వాడే పాత పియానో ఉంది. దాని మీదున్న కేకులు ఎవరో తీశారు. పికెట్ నోరు తుడుచుకుంటూ వచ్చి, ఖాళీ డబ్బా ఒకటి తిరగేసి కూర్చున్నాడు. లూబర్తాకి కుర్చీ పియానో పక్కనే వేశారు.

వెర్నెల్ మీటల మీద చేతులు పెట్టేలోగా వెనక గుసగుస మొదలైంది.

"నేను అప్పుడే అనుకున్నా, ఇది ఎక్కడో విన్నానే అని."

"విన్నావా? ఆ పాట కట్టిన రోజు నేను అక్కడే ఉన్నానయ్యా. రాసుకోవడానికి పెన్సిలు ఇచ్చింది నేను."

"పెన్సిలు నాది. నువ్వు కాగితం ఇచ్చావు."

పికెట్ తల వంచుకుని పడీ పడీ నవ్వుతున్నాడు. వెర్నెల్‌కి కూడా నవ్వొచ్చింది. ఇంక భయం లేదు. పదేళ్ళలో ఆ పెన్సిలు కూడా మూరెడు పొడుగవుతుంది.

హోసియా గ్రైమ్స్ గొంతు సవరించుకుని లేచాడు. "మిత్రులారా, ఈ పాట మొదలయ్యే ముందు, దీని వెనక నా పాత్ర గురించి రెండే రెండు నిమిషాలు..."

"కూర్చో హోసియా!" అంది హాలంతా.

వెర్నెల్ మూడు మెట్లు దిగింది.